చాదస్తం అనుకున్నంత కాలం

మా చెల్లెలి కూతురు ఎనిమిదో తరగతిలో ఉండగా, బడి నుంచి రాగానే చేతులు కడుక్కోవడానికి నలభై నిమిషాలు పట్టేది. కోనసీమలో కాలువ గట్టున ఇల్లు. మొదట్లో మా అమ్మ మురిసిపోయింది. "పిల్లకి శుచీ శుభ్రం తెలుసు, ఈ రోజుల్లో ఎవరికుంది అంత శ్రద్ధ?" అంది. రెండు నెలలు తిరిగేసరికి వేళ్ల సందులు పగిలాయి. సబ్బు తగిలితే ఏడ్చేది, ఏడుస్తూనే కడుక్కునేది. అప్పుడు శుచి కాస్తా చాదస్తం అయింది. తర్వాత దిష్టి అన్నారు, గాలి అన్నారు, తాయెత్తు కట్టించారు. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. ఆయన ఐదు నిమిషాలు చూసి మాత్రలు రాశారు. థెరపీ అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు.

ఓసీడీ అనే ఈ జబ్బుకి పిల్లల్లో బాగా పనిచేసే థెరపీ ఒకటుందనీ, దాని మూలాలు 1966లోనే ఉన్నాయనీ నాకు తెలిసింది ఆ తర్వాతే. అది మా కాలువ గట్టు దాకా రావడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందో చెప్పాలంటే వైద్యం కథతో పాటు మా ఇళ్ల కథ కూడా చెప్పాలి.

ముందు ఇళ్ల కథ. గోదావరి జిల్లాల్లో మడి గురించి తెలియని ఇల్లు ఉండదు, పాటించినా పాటించకపోయినా. మా నాయనమ్మ ఎత్తున దండెం మీద ఆరేసిన చీరని కర్రతో తీసి కట్టుకుని వంటింట్లోకి వెళ్లిందంటే, భోజనాలయ్యేదాకా పిల్లలం ఆవిడ దరిదాపులకి వెళ్లేవాళ్లం కాదు. మడి, మైల, అంటు, ఎంగిలి. ఇన్ని మాటలున్న చోట ఒక పిల్లకి ఏదో అంటుకుంటుందన్న భయం పట్టుకుంటే, ఆ భయం జబ్బులా కనిపించదు. మంచి పెంపకంలా కనిపిస్తుంది. (మడి పేరు చెప్పి మనుషుల్నే దూరం పెట్టిన చరిత్ర మాకుంది. దాన్ని వెనకేసుకురావడానికి నేనీ మాట ఎత్తలేదు.)

కానీ నాయనమ్మ మడికీ మా మేనకోడలి కడుగుడికీ తేడా ఉంది. నాయనమ్మ నియమం ఊరందరికీ తెలిసినది, దానికి ఒక ముగింపు ఉంది. నైవేద్యం పెట్టి విస్తరి ముందు కూర్చుంటే ఆ పూటకి అయిపోయినట్టే, ఆవిడ ముఖంలో తృప్తి ఉండేది. పిల్ల నియమం పిల్లకే తెలుసు. ఇన్నిసార్లు కడిగితే చాలన్న లెక్క రోజూ మారిపోయేది. తృప్తి అన్నది లేదు. "అక్కర్లేదని నాకు తెలుసు మావయ్యా, ఆపలేకపోతున్నాను" అని ఒకరోజు నాతో అంది. డాక్టర్లు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓసీడీ అనేది దీన్నే. వద్దన్నా వచ్చే ఆలోచన ఒకటి, దాని గాభరా తగ్గించుకోవడానికి చేసి తీరాల్సిన పని ఇంకొకటి.

కడుక్కోవడం అందులో ఒక రకం మాత్రమే. ఇంటర్ హాస్టల్లో ఒకే పేరా ఇరవైసార్లు చదివి, అక్షరం సరిగ్గా రాలేదని చెరిపి రాసి, పరీక్షలో సగం పేపరు వదిలేసే పిల్లాడు ఉంటాడు. లెక్చరర్లు "స్లో" అంటారు, ఇంట్లో టెన్షన్ అంటారు. తమ్ముణ్ణి కత్తితో పొడిచేస్తానేమో అన్న ఆలోచన వచ్చి, చాకు కనిపిస్తే వణికిపోయే పిల్ల ఉంటుంది. ఆ పిల్ల ఎవరికీ హాని చెయ్యదు. అలాంటి ఆలోచన వచ్చినందుకే కుమిలిపోతుంది. గుళ్లో దండం పెట్టుకుంటుంటే దేవుడి మీద బూతుమాట మనసులో మెదిలిందని గుడి చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగేవాళ్లు ఉంటారు. చర్చికి వెళ్లే ఇంట్లో అది తప్పు పోయిందనుకుని మొదటి నుంచీ చేసే ప్రార్థన అవుతుంది, నమాజు చేసే ఇంట్లో ఎన్నిసార్లు చేసినా సరిపోని వజూ, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం, అవుతుంది. జబ్బు ఆ ఇంట్లో దేనికి విలువుందో దాన్నే పట్టుకుంటుంది. అందుకే ఇంట్లోవాళ్లకి అంత ఆలస్యంగా కనిపిస్తుంది.

ఇక వైద్యం కథ. 1903లో పియరీ జానే అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి రోగుల గురించి పెద్ద గ్రంథమే రాశాడు. 1909లో ఫ్రాయిడ్ ఎలుకల ఆలోచనలతో బాధపడే ఒక యువకుడి కథ ప్రచురించాడు. ఆ తర్వాత యాభై ఏళ్లకి పైగా, లోపల దాగిన కారణాన్ని తవ్వితీస్తే జబ్బు పోతుందన్న నమ్మకంతో రోగుల్ని ఏళ్ల తరబడి మాట్లాడించారు. కారణాలు చాలానే దొరికాయి కానీ కడుక్కోవడం ఆగలేదు. చివరికి దీన్ని మొండి జబ్బుల్లో జమకట్టారు.

1966లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు రోగుల విషయంలో వేరే దారి పట్టాడు. ఒకామెకి మురికి భయం. ఆమె గదిలో కుళాయికి నీళ్లు రాకుండా చేయించాడు. భయపడే వస్తువుల్ని ముట్టుకోనిచ్చి, తర్వాత కడుక్కోకుండా నర్సులు పక్కనే ఉండి చూశారు. భయం పెరిగింది. కానీ పెరిగి అక్కడే ఉండిపోలేదు, దానంతటదే దిగింది. రెండో రోగికి దైవదూషణ లాంటి ఆలోచనలు. అక్కడా అదే పద్ధతి పనిచేసింది. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ అని ఇప్పుడు పిలిచే థెరపీకి ఇది మొదలు. భయానికి ఎదురుగా నిలబడాలి, దాన్ని తగ్గించే పని మాత్రం చెయ్యకూడదు. 1970లలో లండన్‌లోనే మాడ్‌స్లీ ఆసుపత్రిలో స్టాన్లీ రాక్‌మన్, ఐజాక్ మార్క్స్, తర్వాత అమెరికాలో ఎడ్నా ఫోవా దీన్ని గట్టి వైద్యంగా నిలబెట్టారు. బలవంతంగా కుళాయి కట్టేసే పద్ధతి పోయి, రోగి ఒప్పుకుని మెట్టు మెట్టుగా ఎక్కే పద్ధతి వచ్చింది.

ఇదంతా పెద్దవాళ్ల సంగతి. పిల్లల్లో ఈ జబ్బు బహు అరుదని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. పిల్లలు దాచుకుంటారు, సిగ్గుపడతారు. అడిగేవాళ్లు లేరు కాబట్టి లెక్కకి రాలేదు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జుడిత్ రాపపోర్ట్ బృందం ఈ నమ్మకాన్ని కదిలించింది. 1985లో 19 మంది పిల్లల మీద క్లోమిప్రమిన్ మందు పనిచేస్తుందని చూపించారు. 1989లో ఆమె సామాన్య పాఠకుల కోసం రాసిన పుస్తకం వచ్చాక, ఇదే బాధ తమ ఇంట్లోనూ ఉందని గుర్తించిన తల్లిదండ్రులు ఎందరో. అంటే పిల్లల విషయంలో ముందు నడిచింది మందు. థెరపీ వెనక వచ్చింది. ఈ వరస మా దగ్గర ఇప్పటికీ అలాగే ఉండిపోయింది.

పిల్లలకి తగ్గ ఈఆర్‌పీని పుస్తకంగా అందించింది డ్యూక్ యూనివర్సిటీకి చెందిన జాన్ మార్చ్, కారెన్ మల్లీ, 1998లో. అందులో నాకు బాగా నచ్చినది, జబ్బుకి పిల్లతోనే ఒక పేరు పెట్టించడం. పేరు పెట్టాక అది వేరు, పిల్ల వేరు. అమ్మా నాన్నా పిల్ల పక్షాన చేరి దాని మీద పోరాడతారు. ఇంట్లో అప్పటిదాకా జరిగేది పిల్ల మీద పోరాటమే కదా.

2004లో వచ్చిన ఒక అధ్యయనం అసలు తూకం వేసింది. 7 నుంచి 17 ఏళ్ల లోపు 112 మంది పిల్లల్ని నాలుగు గుంపులు చేసి 12 వారాలు చూశారు. జబ్బు దాదాపు లేనట్టే అయినవాళ్లు థెరపీ, సెర్ట్రలిన్ మందు రెండూ తీసుకున్న గుంపులో 54 శాతం. ఉత్త థెరపీ తీసుకున్నవాళ్లలో 39 శాతం. ఉత్త మందుతో 21 శాతం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4 శాతం. మరుసటి ఏడు బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు కూడా జబ్బు ఎక్కువగా ఉన్న పిల్లలకి ముందు ఈ థెరపీయే ఇమ్మన్నాయి. మందు చెడ్డదని దీనర్థం కాదు. మా పిల్లకీ మందు అవసరమైంది, మేలు చేసింది. అది పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుందని ఎవరూ చెప్పకపోవడం వల్ల మూడో వారంలో మేమే ఆపేశాం. ఆ తప్పు మాది.

ఆ తర్వాత పరిశోధన చూపు ఇంటి మీదికి మళ్లింది. నన్ను ఎక్కువ కదిలించిన భాగం ఇదే. "అమ్మా, గుమ్మం దగ్గర పిల్లి తొక్కలేదు కదా?" అని మేనకోడలు అడిగేది. "లేదమ్మా" అనేది చెల్లి. మళ్లీ అడిగేది, మళ్లీ చెప్పేది. బడి బట్టలు విడిగా ఉతికేది, తలుపులు తనే తీసేది, బాత్రూంలో పిల్ల కోసం సబ్బులు పేర్చిపెట్టేది. తల్లి మనసు ఇంకేం చేస్తుంది? కానీ ప్రతి "లేదమ్మా" ఒక కడుగుడుతో సమానం. గాభరా కాసేపు దిగుతుంది, భయం నిజమేనన్న నమ్మకం ఇంకాస్త పాతుకుంటుంది. అందుకే చిన్నపిల్లల థెరపీలో తల్లిదండ్రులు బయట బెంచీ మీద కూర్చోరు, లోపలే ఉంటారు. 5 నుంచి 8 ఏళ్ల పిల్లలు 127 మందితో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, కుటుంబంతో కలిసి థెరపీ చేసిన పిల్లల్లో 72 శాతం మందికి బాగా నయమైంది. రిలాక్సేషన్ నేర్పిన గుంపులో అది 41 శాతం. ఊరికే ధైర్యం చెప్పడం, ఊపిరి పీల్చి వదలమనడం సరిపోవని దాన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఇదంతా మా దాకా ఎందుకు రాలేదు? మా పెద్దలకి మానసిక వైద్యం అంటే విశాఖ ఆసుపత్రి ఒక్కటే. "విశాఖ పంపాలి" అన్నది తిట్టు. ఆ తిట్టు గుర్తున్నవాళ్లు పిల్లని డాక్టరుకి చూపిస్తారా? 1996లో నాలుగు జిల్లాలతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఎక్కువగా తీవ్రమైన జబ్బులకి మందులు ఊరి దగ్గరికి చేర్చడం మీద నిలబడింది. అది చిన్న మేలు కాదు. కానీ ఈఆర్‌పీకి మాత్ర చాలదు, మనిషి కావాలి. వారానికో గంట చొప్పున పన్నెండు, పద్నాలుగు వారాలు కూర్చునే శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టు కావాలి. దేశంలో సైకియాట్రిస్టులే లక్ష జనాభాకి ఒకరు లేరు. సైకాలజిస్టుల సంగతి చెప్పనక్కర్లేదు, ఉన్నవాళ్లూ పెద్ద నగరాల్లోనే ఉంటారు. అమలాపురం నుంచి కాకినాడకి యానాం మీదుగా బస్సులో దాదాపు రెండు గంటలు. పద్నాలుగు వారాలు బడి మానిపించి, కూలి మానుకుని వెళ్లిరావాలంటే ఎంతమందికి కుదురుతుంది?

బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. 2017లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ మార్గదర్శకాలూ వచ్చాయి. అదే ఏడాది ఓసీడీ ఉన్న హీరోతో ఒక తెలుగు సినిమా ఆడి, జబ్బు పేరు ఊళ్లకి తెలిసింది. నవ్వుతోపాటు తెలిసింది, అదొక్కటే బాధ. 2020లో కరోనా వచ్చి ప్రపంచమంతా చేతులు కడుక్కోమంది. ఆ ఏడాది ఇలాంటి పిల్లల ఇళ్లలో ఏం జరిగిందో ఆలోచించండి. జబ్బు చెప్పేదీ టీవీ చెప్పేదీ ఒకటే మాట అయింది.

కానీ ఫోన్‌లో, వీడియోలో వైద్యం మామూలు కావడం కూడా ఆ రోజుల్లోనే జరిగింది. 2021లో స్వీడన్‌లో 152 మంది పిల్లలతో చేసిన అధ్యయనం ముఖ్యమైనది. ముందు ఇంటర్నెట్ ద్వారా థెరపీ ఇచ్చి, చాలనివాళ్లకి మాత్రమే ముఖాముఖి ఇస్తే, ఫలితం మొదటి నుంచీ ముఖాముఖి ఇచ్చినదానికి తీసిపోలేదు. మనకి 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ వచ్చింది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అది థెరపీకి బదులు కాదు, ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లకి మొదటి గుమ్మం.

మా పిల్లకి థెరపీ వీడియోలోనే జరిగింది. భయాన్ని సున్నా నుంచి పదికి కొలవమని సైకాలజిస్టు గారు అడిగితే పిల్లకి ఆ లెక్క కుదరలేదు. ప్రతిదానికీ పది అనేది. చివరికి తనే ఒక కొలత తెచ్చుకుంది. వరదల కాలంలో మా ఇంట్లో రోజూ వినే లెక్క అది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గేటు గడియ ముట్టుకుని కడుక్కోకుండా ఉంటే మొదటి హెచ్చరిక. చెప్పులు ముట్టుకుంటే రెండోది. కాలువ రేవులో చెయ్యి ముంచి, ఆ చేత్తోనే తింటే మూడోది. మెట్లు అలా రాసుకున్నారు. పిల్లి ప్రశ్నకి ఏమనాలో చెల్లికీ నేర్పారు. "ఆ జబ్బు అడిగే ప్రశ్నకి నేను జవాబు చెప్పనమ్మా, నీ పక్కన మాత్రం కూర్చుంటాను" అనాలి. మొదటి వారం ఆ మాట అనలేక చెల్లి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

మూడో హెచ్చరికకి పదకొండు వారాలు పట్టింది. రేవు మెట్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల కాలువలో చెయ్యి ముంచి, లంగాకి తుడుచుకోకుండా, జంతిక విరిచి నోట్లో పెట్టుకుంది. వణుకుతోంది. "ఎంతుంది?" అంది చెల్లి. "పదిహేడు దాటింది." పావుగంటకి మళ్లీ అడిగింది. "పదిహేను." గట్టు మీద బస్సు వెళ్లింది, ఎవరో గేదెల్ని కడగడానికి దించారు, చెల్లి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. యాభై నిమిషాలకి పిల్ల ఇంకో జంతిక తీసుకుని, వార్తలు చదివే గొంతుతో, "మొదటి ప్రమాద హెచ్చరిక ఉపసంహరించారు" అంది.