మనసులో దూరిన చిన్నచూపుకి మార్కులు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో కౌన్సెలింగ్ చేస్తాను. నా టేబుల్ మీద ప్రశ్నల కాగితం కనబడగానే, కొడుకుల్ని తీసుకొచ్చిన నాన్నలు అడిగే మొదటి మాట, "దీంట్ల తేలిపోతదా మేడం, మావోడు అదా కాదా?"

అపోహ: ఈ టెస్టుతో గే అవునో కాదో తెలుస్తుంది.
తెలియదు, అది దాని పని కాదు. గే, లెస్బియన్, బైసెక్సువల్ అయిన మనిషి చుట్టూ విన్న తిట్లనీ ఎగతాళినీ ఎంత నమ్మేసి తన మీదే వేసుకున్నాడో చూస్తుందంతే. జబ్బేమో అంటారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. మేజర్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది.

అపోహ: ఇంగ్లిష్ ప్రశ్నల్ని తెలుగు చేస్తే చాలు.
నా తలనొప్పంతా ఇక్కడే. అమెరికా సైకాలజిస్టు హెరెక్ బృందం 2009లో వాడిన స్కేలులో (ఈ చిన్నచూపుని కొలిచే ప్రశ్నల కాగితంలో) అయిదే వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు, సగటు ఎంత పెరిగితే చిన్నచూపు అంత ఎక్కువ. ఒక వాక్యం, ఇలా ఉండటం నాలో ఉన్న కొరత అనే అర్థంలో ఉంటుంది. నేను "లోపం" అని రాశాను. పరకాల నుంచి వచ్చే కుర్రాడొకడు అక్కడ పెన్సిల్ ఆపి "లోపమంటే... మగతనం లోపమా మేడం? నాకట్లాంటిదేం లేదు" అని 1 మీద గట్టిగా సున్నా చుట్టాడు. తెలుగు వాక్యాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పి చూస్తే ఏ తేడా కనబడదు, గోడల మీద "లోపాలకు చికిత్స" పోస్టర్లు చూస్తూ పెరిగిన పిల్లాడి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ఇప్పుడు "తక్కువతనం" అని రాస్తున్నాను, అదీ పూర్తిగా నచ్చలేదు.

ఇంకో వాక్యం, అందరిలా మారే అవకాశమిస్తే తీసుకుంటావా అని. అదే కుర్రాడు 5 పెట్టాడు. సిగ్గుతోనా అని అడిగితే, "కాదు మేడం, నా సంగతి బయటపడితే చెల్లె పెళ్లి ఆగుతది." సిగ్గుతో పెట్టినా, ఇలా భయంతో పెట్టినా కాగితం మీద మాత్రం 5లే!

అపోహ: ఇంట్లో చెప్పుకోలేనివాళ్లకే సిగ్గు ఎక్కువ.
మోర్, కెండ్రా అనే పరిశోధకులు 2011లో ఇచ్చిన 27 ప్రశ్నల స్కేలు దాచుకోవడాన్నీ, తనను తాను తక్కువ చేసుకోవడాన్నీ విడివిడిగా లెక్కిస్తుంది. కాజీపేటలో కిరాయికుండే ఒకామె ఎవరికీ చెప్పలేదు, ఓనర్ ఖాళీ చేయిస్తాడని. తన మీద తనకు చిన్నచూపు మాత్రం వెతికినా దొరకలేదు.

అపోహ: స్కోరు ఎక్కువొస్తే "మార్చే" ట్రీట్‌మెంట్ ఇప్పించాలి.
హెరెక్ స్కేలులోని ఆ అయిదు వాక్యాల్లో ఒకటి, మారడానికి నిపుణుల సాయం కావాలనిపిస్తోందా అనే! అంటే ఆ కోరికే కొలతలో భాగం, దాన్ని మందుల చీటీ అనుకుంటే ఎట్లా? ఇలాంటి "మార్పిడి" వైద్యం వృత్తిపరమైన తప్పని, డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. తగ్గించాల్సింది సిగ్గుని, ఇష్టాన్ని కాదు.

తోటి కౌన్సెలర్లకు ఒక మాట, ఫారం వాట్సాప్‌లో పంపకండి. నేను ఒకసారి ఒక కుర్రాడికి పంపితే అన్నిటికీ 3 పెట్టి తిప్పి పంపాడు. తర్వాత అడిగితే, నింపేటప్పుడు వాళ్లన్న పక్కనే మంచం మీద పడుకుని ఉన్నాడట.