కౌపీనం కథ, కామ్‌షాఫ్ట్ కథ

డెట్రాయిట్ శివార్లలో ఏటా ఆగస్టులో ఉడ్‌వర్డ్ ఎవెన్యూ పొడవునా పాత కార్ల జాతర జరుగుతుంది, 1995 నుంచీ. ఆ దగ్గర్లో ఉండే పాఠకుడొకరు రాశారు: ‘‘సిగ్నల్ దగ్గర ఆగిన 1969 షెవర్లే కమారో కారు ఒకటి గుడగుడమంటూ, ఇదిగో ఆగిపోతా, అదిగో ఆగిపోతా అన్నట్టు వణుకుతోంది. వేల డాలర్లు పోసి చేయించిన బండికి ఈ జబ్బేమిటండీ?’’

జబ్బు కాదు, కోరి తెచ్చుకున్నదే.

ఇలాంటి బళ్లను మజిల్ కార్లంటారు, వాటి గురించి పాఠం చెప్పను. ఓ మోస్తరు బండిలో పెద్ద వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, అంతే. నా సరదా అంతా ఆ వణుకు మీదే. దానికి మూలం కామ్‌షాఫ్ట్, ముద్దుగా కామ్, ఇంజన్‌లో తిరిగే ఓ కడ్డీ. సిలిండర్‌లోకి గాలిని రానిచ్చే తలుపు ఇన్‌టేక్ వాల్వ్, పొగను పోనిచ్చేది ఎగ్జాస్ట్ వాల్వ్. ఏ వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో దాని మీది ఉబ్బెత్తు లోబ్‌లే నిర్ణయిస్తాయి.

బళ్లో ఫోర్ స్ట్రోక్ ఇంజన్ బొమ్మ గీయించి, పిస్టన్ పైకి చేరగానే ఎగ్జాస్ట్ వాల్వ్ మూసుకుంటుంది, అప్పుడు ఇన్‌టేక్ తెరుచుకుంటుంది అంటారు. పరీక్షకు చాలు. నిజంగా అలా చేస్తే పెద్ద వేగంలో ఇంజన్‌కు ఊపిరాడదు. గాలికీ బరువుంది కదా, తీయగానే కదలదు, మూయగానే ఆగదు. అందుకే ఇన్‌టేక్‌ను కాస్త ముందే తెరుస్తారు, ఎగ్జాస్ట్‌ను కాస్త ఆలస్యంగా మూస్తారు. రెండూ తెరిచి ఉండే ఆ వ్యవధే ఓవర్‌ల్యాప్. జోరుగా బయటికి పోయే పొగ వెనక పీడనం పడిపోతుంది. పిస్టన్ పీల్చకముందే గాలీ పెట్రోలూ కలిసిన కొత్త మిశ్రమం సిలిండర్‌లోకి జొరబడుతుంది. రేసు కామ్‌లలో ఈ ఓవర్‌ల్యాప్ ఎక్కువ.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 72 డిగ్రీలు తిరిగేంతసేపు ఓవర్‌ల్యాప్ అనుకుందాం. 6000 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 6000 చుట్ల వేగంలో, క్రాంక్ మిల్లీసెకనుకు 36 డిగ్రీలు తిరుగుతుంది, కాబట్టి ఓవర్‌ల్యాప్ 2 మిల్లీసెకన్లే. బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగే ఐడిలింగ్‌లో, అంటే 750లో, అదే 72 డిగ్రీలకు 16 మిల్లీసెకన్లు! అంత తీరిక దొరికితే పొగకు జోరు ఎక్కడిది? పైగా గాలిని అదుపు చేసే థ్రాటిల్ మూసి ఉంటుంది గనక, సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లో (ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో) వ్యాక్యూమ్. పొగ వెనక్కి తిరిగి అందులోకి దూరుతుంది. తర్వాత సిలిండర్‌కు దక్కేది ఎంగిలి గాలి. అది సరిగా మండదు. మండకుండా మిగిలింది ఆ తర్వాతి దఫాకు కలిసొస్తుంది, అది బాగా మండుతుంది. ఓసారి నీరసం, ఓసారి హుషారు. మీరు విన్న గుడగుడ అదే.

ఇక్కణ్నుంచి ‘కౌపీన సంరక్షణార్థం’ మొదలు. గోచీని ఎలుకలు కొరక్కుండా పిల్లిని, పిల్లి పాలకు ఆవును తెచ్చి చివరికి సంసారంలో పడ్డ సన్యాసి ఉన్నాడే, కామ్ మార్చినవాడి పనీ అంతే. కొత్త లోబ్‌ల వెంట వాల్వులు నమ్మకంగా నడవాలంటే గట్టి స్ప్రింగులు కావాలి. కింది వేగంలో టార్క్ (తిప్పే బలం) పోయింది గనక ఆటోమేటిక్ బండికి ఎక్కువ స్టాల్ స్పీడున్న, అంటే బండి కదలకముందే ఇంజన్‌ను ఎక్కువ వేగం అందుకోనిచ్చే టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), వెనక యాక్సిల్‌కు 3.08 నిష్పత్తి బదులు 3.73 గేర్లు. కన్వర్టర్ వేడెక్కుతుంది, దానికో ఆయిల్ కూలర్. ఐడిలింగ్‌లో వ్యాక్యూమ్ పడిపోతే, దాని సాయంతో బ్రేకు నొక్కుడును తేలిక చేసే బూస్టర్ పని చేయదు, పెడల్ రాయిలా బిగుస్తుంది. కాబట్టి వ్యాక్యూమ్ పంపో, స్టీరింగ్ పంపు ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ బూస్టరో పెట్టాలి. ఎలాగూ విప్పారు కదా, ముందు చక్రాల డ్రమ్ములు తీసేసి డిస్కులు. ఆనాటి కమారోలో ఇంజన్‌ను మోసే ముందు చట్రాన్ని (సబ్‌ఫ్రేమ్‌ను) బాడీకి బోల్టులతో బిగించారు. ఇంజన్ బలం పెరిగితే బాడీ మెలి తిరుగుతుంది, అడుగున ఆ చట్రాన్ని బాడీ వెనకభాగంతో కలిపే కనెక్టర్లు వెల్డింగ్ చేయించాలి.

అందుకే అనుభవమున్న బిల్డర్ బండి బరువు, గేర్లు, వాడకం చూసుకున్నాకే కామ్ ఎంచుతాడు, అదీ మనసు కోరినదానికంటే ఒక మెట్టు తక్కువది. నా ఓటు ఆయనకే.

మోత పెరిగితే పవర్ పెరిగిందనే మూఢనమ్మకం మాత్రం ఎక్కడైనా ఒకటే. మన ఊళ్లలో బుల్లెట్ సైలెన్సర్ పీకేస్తారు. అమెరికాలో ఇప్పుడు ‘ఘోస్ట్ కామ్’ ట్యూన్ అమ్ముతున్నారు. కామ్ మార్చరు. ఐడిలింగ్‌లో స్పార్క్ సమయాన్ని కంప్యూటర్‌తో చెడగొట్టి, నిక్షేపంలాంటి ఇంజన్‌ను కావాలని వణికిస్తారు. దానికి డబ్బులు కూడా పుచ్చుకుంటారు.