నొప్పి లేకుండా ఊడే రెటీనా: అపోహలు - వాస్తవాలు

రెటీనా ఊడిందని చెప్పగానే మా ఓపీలో ముందు వచ్చే ప్రశ్న "కంటి నరం ఎండిపోయిందా డాక్టర్ గారూ?" అని. నేను ముందు అడిగేది "ఎన్ని రోజులైంది?" అని. కంటి లోపల వెనక గోడకు అంటుకుని ఉండే పలుచని పొర రెటీనా. నరం వేరు, ఇది వేరు. ఎండిన నరాన్ని మేం బతికించలేం. ఊడిన రెటీనాను మాత్రం చాలామందిలో మళ్ళీ అతికించగలం, రోజులు మించిపోకుండా వస్తే. ఆ రోజులు ఎలా మించిపోతాయో కింద చదవండి.

అపోహ: నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు. నాలుగు రోజులు ఆగి చూద్దాం.

రెటీనాకు నొప్పి తెలియదు. కంట్లో నలుసు పడితే అర్ధరాత్రి పరిగెత్తుకొచ్చే మనిషి, రెటీనా సగం ఊడితే వారం తర్వాత తీరిగ్గా వస్తాడు.

పల్నాడు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన సంగతి చెబుతాను. అరవై దాటిన వయసు, చిన్నప్పటి నుంచీ మైనస్ 8 అద్దాలు. ఒక సాయంత్రం కుడి కంటి అంచున మెరుపులు మెరిశాయి. మర్నాడు మసి చల్లినట్టు నల్ల చుక్కలు. బీపీ పెరిగిందేమోనని మాత్ర వేసుకున్నారు. ఇంకో రెండు రోజులకు కింద నుంచి నీడ లేవడం మొదలైంది. ఇంట్లో చూస్తే మనవరాలి పెళ్ళి. "నొప్పి లేదు కదా, అప్పగింతలయ్యాక వెళ్దాంలే అనుకున్నా" అన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి మెరుపులు మొదలై పదకొండు రోజులు.

లోపల జరిగింది ఇది. కంటి మధ్యలో కోడిగుడ్డు తెల్లసొన లాంటి జెల్లీ ఉంటుంది. వయసుతో అది నీరు కారి, కుంచించుకుని, వెనక గోడను వదిలేస్తుంది. వదిలేటప్పుడు రెటీనాను లాగితే మెరుపులు కనిపిస్తాయి. ఎక్కడైనా గట్టిగా పట్టుకుని ఉంటే అక్కడ రెటీనా చిరుగుతుంది. చిరిగిన సినిమా పోస్టర్ వెనక్కి వాన నీళ్ళు దిగితే గోడ మీద అది ఎలా ఉబ్బి లేస్తుందో, చిరుగులోంచి నీరు వెనక్కి చేరి రెటీనా అలా లేచిపోతుంది. మైనస్ నంబరు ఎక్కువ ఉన్నవాళ్ళకు, కంటికి దెబ్బ తగిలినవాళ్ళకు, శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళకు, ఇంట్లో ఇంకొకరికి ఊడినవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ.

మాస్టారికి నీడ కింద నుంచి వచ్చిందంటే ఊడింది పైన. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది మరి. పైన ఊడినప్పుడు నీరు కిందికి జారుతూ, అక్షరాలు, ముఖాలు చూసే నడిమధ్యకు త్వరగా చేరుతుంది. అందుకే ఫోన్లో ఎవరైనా "కింద నుంచి నీడ" అంటే నేను రేపటికి అపాయింట్‌మెంట్ ఇవ్వను, ఇప్పుడే బయల్దేరమంటాను.

అపోహ: చుక్కలు, దారాలు కనిపిస్తే రెటీనా ఊడినట్టే.

కాదు. పైది చదివి టెన్షన్ పడకండి. ఏళ్ళ తరబడి తెల్ల గోడ మీద, ఆకాశం మీద కనిపించే నాలుగు దోమల్లాంటి చుక్కలు చాలావరకు ఏమీ చేయవు. ఉన్నట్టుండి కొత్తగా వచ్చినవి, ఒక్కసారిగా పెరిగినవి, మెరుపులతో కలిసి వచ్చినవి వేరు. అలా వచ్చినవాళ్ళలో దాదాపు పదిమందిలో ఒకరికి చిరుగు దొరుకుతుంది. మిగతా తొమ్మిదిమందిని నిశ్చింతగా ఇంటికి పంపడానికైనా పరీక్ష చేయాల్సిందే.

అపోహ: మొన్ననే కళ్ళు చూపించుకున్నాం, అద్దాలు కూడా ఇచ్చారు.

అద్దాల షాపులో కంప్యూటర్ చెప్పేది మీ నంబరు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల వల్ల దగ్గరి చూపు అద్దాలు లేని ఎందరికో మేలు జరిగింది, కాదనను. కానీ అక్షరాల బోర్డు చదివించినంత మాత్రాన రెటీనా అంచులు చూసినట్టు కాదు. నడిమధ్య బాగున్నంత కాలం, పక్కన ఊడుతున్నా ఆఖరి వరుస దాకా గడగడా చదివేస్తారు.

అంచులు చూడాలంటే చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేయాలి. అరగంట, ముప్పావుగంట పడుతుంది. తర్వాత పడుకోబెట్టి, నా తలకు లైటు కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని చూస్తాను. "పైకి చూడండి, ఎడమ మూలకి, కిందికి" అంటూ చిన్న లోహపు పుల్లతో రెప్ప మీద నుంచి నొక్కుతాను. కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అలా నొక్కితేనే మూలన దాక్కున్న చిరుగు లోపలికి లేచి కనిపిస్తుంది, ఎక్కువగా గుర్రపు నాడా ఆకారంలో. లోపల రక్తం చేరి ఏమీ కనబడకపోతే కంటికి స్కానింగ్ తీస్తాం. మందు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడుపుకుంటూ రావద్దు, తోడు తెచ్చుకోండి.

ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటుంది. ఒక్కో కన్ను మూసి రెండో కంటితో గోడ క్యాలెండర్ చూడండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది. ముఖం కడుక్కుంటూ అనుకోకుండా ఒక కన్ను మూసినప్పుడు తెలిసిందని చెప్పినవాళ్ళు నా దగ్గర ఎందరో.

అపోహ: లాసిక్ చేయించాను, ఇక నాకు మైనస్ లేదు.

లాసిక్ అంటే కంటి ముందు పొరను లేజర్‌తో చెక్కి నంబరు తీసేయడం. అద్దాలు పోయాయి. మైనస్ తెచ్చిపెట్టిన, పొడుగు సాగిన కన్ను అలాగే ఉంది, దాని వెనక పలచబడిన రెటీనా కూడా.

అపోహ: సెల్‌ఫోన్ చూసి చూసి ఊడింది.

ఫోన్ వల్ల రెటీనా ఊడదు. పిల్లల్ని తిట్టడానికి వేరే కారణాలు వెతుక్కోండి.

అపోహ: చుక్కల మందుతోనో, లేజర్‌తోనో అతుక్కుంటుంది.

నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గానీ, పైన వేసే ఏ మందూ, ఏ పసరూ లోపలి చిరుగును మూయలేదు. వందేళ్ళ కిందటి వరకు రెటీనా ఊడితే కన్ను పోయినట్టే లెక్క. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జూల్ గోనిన్ అనే డాక్టర్ చిరుగే అసలు కారణమని పట్టుకుని, అక్కడ వాత పెట్టి మూసి, 1920లలో రెటీనాలు అతికించి చూపించాడు. ఇప్పటికీ మేం చేసేది అదే, సాధనాలు మారాయంతే.

చిరుగు మాత్రమే ఉండి నీరు ఇంకా చేరకపోతే చుట్టూ లేజర్‌తో కంచె కడతాం. నీరు చేరి ఊడిపోయాక వట్టి లేజర్ పనిచేయదు. అప్పుడు కొందరికి కంటి బయట సిలికాన్ పట్టీ కుట్టి గోడను లోపలికి నొక్కుతాం, కుర్రవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. కొందరికి లోపలి జెల్లీ తీసేసి గ్యాస్ గానీ సిలికాన్ నూనె గానీ నింపుతాం. నూనె దానంతట అది కరగదు. చూపు బానే ఉంది కదా అని తీయించుకోవడానికి రాకుండా ఉండిపోతే కంటి ప్రెషర్ పెరిగి కొత్త తంటా వస్తుంది.

అపోహ: ఆపరేషన్ అయిపోయింది, ఇక తిరగొచ్చు.

గ్యాస్ ఉన్న కంట్లో, తాపీ మేస్త్రీ రసమట్టంలో బుడగ ఆడినట్టు ఒక గీత ఊగుతూ కనిపిస్తుంది. గ్యాస్ తగ్గేకొద్దీ ఆ గీత కిందికి దిగుతుంది. రకాన్ని బట్టి కరగడానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. బుడగ చిరుగుకు ఆనాలి కాబట్టి, డాక్టర్ బోర్లా అంటే బోర్లా, పక్కకు అంటే పక్కకే పడుకోవాలి. మెడ నొప్పి పుడుతుంది, విసుగొస్తుంది, అయినా తప్పదు.

ఎత్తుకు వెళ్తే గ్యాస్ వ్యాకోచించి కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది, చూపే పోవచ్చు. అమెరికాలో పిల్లల దగ్గరికి విమానం ఎక్కడం కుదరదు. కన్ను బాగుపడితే కొండకు వస్తానని మొక్కుకున్నవాళ్ళకూ ఇదే మాట: బుడగ పూర్తిగా కరిగిందని డాక్టర్ చెప్పేదాకా తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కవద్దు. ఈలోగా ఇంకే ఆపరేషన్ కోసం మత్తు ఇవ్వాల్సి వచ్చినా కంట్లో గ్యాస్ ఉందని ముందే చెప్పాలి.

అపోహ: ఆపరేషన్ సక్సెస్ అంటే చూపు మునుపటిలా వచ్చినట్టే.

మేం అతికింది అంటే పొర గోడకు చేరిందని అర్థం. వందలో 85 నుంచి 90 మందికి ఒక్క ఆపరేషన్‌తో అతుకుతుంది, మిగతావాళ్ళకు ఇంకోసారి చేయాల్సి రావచ్చు. చూపు ఎంత వస్తుందన్నది వేరే లెక్క. అక్షరాలు, ముఖాలు చూసే నడిమధ్య భాగం మాక్యులా. అది ఊడకముందే వస్తే ఆ రోజో మర్నాడో ఆపరేషన్ చేసి చూపు నిలబెట్టగలం. అదీ ఊడిపోతే, అలా ఊడి ఉన్న ఒక్కో రోజూ వచ్చే చూపులో కోత పడుతుంది.

మాస్టారికి రెటీనా అతికింది. ఇప్పుడు ఆ కంటితో పేపర్లో హెడ్డింగులు చదువుతారు, వరండా స్తంభం కాస్త వంకరగా కనిపిస్తుందంటారు.

అపోహ: రెండో కన్ను బానే ఉంది, దాన్నెందుకు చూడటం?

ఆయన ఎడమ కంట్లో కూడా అంచున పలచబడిన చోట చిన్న చిరుగు దొరికింది. నీరు చేరలేదు. చుక్కల మందు వేసి, పడుకోబెట్టి, పది నిమిషాల్లో లేజర్ పూర్తిచేశాం. లేచి కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ అడిగారు.

"ఇంతేనా డాక్టర్ గారూ? కుడి కంటికీ ఇంతే సరిపోయేదా?"

"మెరుపులు వచ్చిన మర్నాడే వచ్చుంటే బహుశా సరిపోయేది మాస్టారూ."