ఉప్పాడ రోడ్డు: రాయి పడ్డప్పుడే మొదలైంది తిరకాసు

కాకినాడలో ఒకరోజు తీరిగ్గా తిరగాలంటే ఎవరినడిగినా ఒకటే వరస చెబుతారు. పొద్దున్నే చొల్లంగి దాటి కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద నడక, ఆనక బోటెక్కి హోప్ ఐలాండ్. మధ్యాహ్నం భోంచేసి ఒక గొట్టం కాజా పొట్లం. ఎండ తగ్గాక వాకలపూడి బీచ్, అక్కణ్ణుంచి సముద్రాన్ని కుడిచేతి పక్కన పెట్టుకుని ఉప్పాడ దాకా బండి మీద షికారు. వీలైతే ఒక జామ్దానీ చీర. ఈ వరసలో ఆ ఉప్పాడ రోడ్డు ముక్కే ఎప్పుడూ తెగేది. 2025 అక్టోబరులో మొంథా తుపాను ఆ రోడ్డును మళ్లీ కొరికేశాక, పాత పేచీ కొత్తగా రేగింది: సందర్శకులకు బీచ్ రోడ్డు కావాలి, జాలర్లకు పడవ లాక్కునే ఇసుక కావాలి.

పాత చరిత్ర కబుర్లు వదిలేద్దాం. ఈ గొడవకు పనికొచ్చేది ఇసుక లెక్క ఒక్కటే.

నైరుతి గాలుల కాలంలో కెరటాలు గోదావరి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. ఆ ఇసుకే పేరుకుని దాదాపు 16 కిలోమీటర్ల దిబ్బ అయింది. మనం బోటెక్కి చూసొచ్చే హోప్ ఐలాండ్ అదే. దాని చాటున కాకినాడ ఓడలు నిశ్చింతగా ఉంటాయి. ఉప్పాడకు ఆ చాటు అందదు. పైగా దిబ్బ కొసను చుట్టి వంగిన అలలు వచ్చి కొట్టేది ఆ తీరాన్నే. 1997లో డీప్ వాటర్ పోర్టు పని మొదలెట్టింది. ఓడలు రావాలంటే దారిలో పడ్డ ఇసుకను తవ్వుతూనే ఉండాలి, ఆ ఇసుక ఇక ఉప్పాడకు చేరదు. పైనుంచి వచ్చేదీ తగ్గింది. 1970ల్లో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల వండ్రు మోసుకొస్తే, 2000 తర్వాతి ఏళ్లలో అది ఆరు కోట్ల టన్నులకు లోపే. మిగతాది ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. ఉప్పాడ తీరం కోత పోర్టుకు ముందే ఉందని పోర్టు తరఫున మాట్లాడేవాళ్లంటారు. నిజమే, ఉంది.

నా లెక్కలో మలుపు మాత్రం పోర్టు కాదు. రోడ్డు కొట్టుకుపోతోందని ఒడ్డున బండరాళ్లు పోయడం మొదలైనప్పుడే ఊరి తలరాత మారింది. ఇసుక వాలు మీదికొచ్చిన అల పాకి, నీరసించి, వెనక్కి పోతుంది. రాయికి కొట్టిన అల అదే ఊపుతో తిరగబడి గోడ కాళ్ల కింది ఇసుకను గీరుకుపోతుంది. రాళ్లు కుంగుతాయి, మళ్లీ లారీలొస్తాయి, మళ్లీ పోస్తారు. పోనీ రాళ్లు వద్దని ఇసుక నింపిన గొట్టాల్లాంటి భారీ సంచులు, జియో ట్యూబులు, పేర్చారు. తుపాన్ల ముందు అవీ నిలవలేదు. బండల సందుల్లో వేలాడే నల్లటి పీలికల్ని చూసి, కొత్తగా వచ్చినవాళ్లు చిరిగిన వలలనుకుంటారు. అవి ఆ ట్యూబుల గుడ్డ.

జాలర్ల మాట వినాలంటే మొదట ఒడ్డున పడవ ఎలా ఎక్కిస్తారో చూడాలి. వేట నుంచి వచ్చిన బోటును అల ఎత్తిన క్షణంలో నలుగురైదుగురు భుజం పెట్టి తోస్తే ఇసుక మీద జారుతూ పైకొస్తుంది. అదే రాళ్ల మీదికైతే? అడుగు చీలిపోతుంది, ఇంజను పోతుంది. అందుకే ఇసుక మిగిలిన ఏ రెండు గజాల జాగాలోనో పడవలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. వలలు ఆరేది తారు రోడ్డు మీద. షికారుకొచ్చిన కార్లు వాటి మీదుగా పోతాయి, ఆనక తగువు. మా ఇల్లు అదిగో అక్కడుండేదని సముద్రంలోకి వేలు చూపించే పెద్దవాళ్లు ఏ వీధిలోనైనా కనిపిస్తారు. అలాంటి మనిషి ముందు నిలబడి సెల్ఫీ తీసుకోవాలంటే నాకు మాత్రం చెయ్యాడదు.

ఆ రోడ్డు ఊళ్లవాళ్లకూ కావాలన్న మాట కాదనలేం. చేపల బుట్టలు కాకినాడ చేరాలన్నా, అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా అదే దగ్గర దారి. అది మూస్తే పిఠాపురం చుట్టూ తిరిగి పోవాలి. పర్యాటకం వాళ్లు ఈ పాయింటు తరచూ ఎత్తుతారు. అయితే దానికి సముద్రం అంచునే రోడ్డుండాలన్న నియమం లేదు, కాస్త లోపలికి జరిపినా బుట్టలు చేరతాయి. అంచునే ఉండి తీరాలని పట్టుబట్టేది అలలు చూస్తూ పోవాలనుకునేవాళ్లే.

పడవలకు ఇసుకెందుకు, హార్బరు వస్తోందిగా అనేవాళ్లూ ఉన్నారు. ఉప్పాడ ఫిషింగ్ హార్బరుకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. దాని కోసం సముద్రంలోకి కట్టే గోడలూ రాళ్లవే. దక్షిణం నుంచి వచ్చే కాస్త ఇసుకా వాటి దగ్గర ఆగితే ఉత్తరాన కోనపాపపేటకు చేరేదెంత? ఇప్పుడు నడుస్తున్న వాదనంతా ఉప్పాడ తీరానికి కట్టాలంటున్న కొత్త రక్షణ గోడ ఎంత పొడవు, ఎంత ఎత్తు అన్న దాని మీదే. గోడ ఆగిన చోట సముద్రం పక్కకు తిరిగి కోస్తుందని ఈ తీరంలో పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. ఆ గోడ ఏ ఊరి ముందు ఆగుతుందో మాత్రం ఇంకా ఎవరూ నోరు విప్పి చెప్పడం లేదు.