వజ్రాలుంటే యుద్ధమేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఎకనమిక్స్ చెబుతాను. సహజ వనరుల పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో వినపడే మాటలివి.

అపోహ: వజ్రాలు, చమురు ఉన్నచోట అంతర్యుద్ధం తప్పదు.

వాస్తవం: ఆ ఖనిజం ఎలా దొరుకుతుందో, హక్కు ఎవరిదో ముందు చూడాలి. పల్నాటి కొల్లూరు (తెనాలి దగ్గరది కాదు, పులిచింతల నీళ్లలో మునిగింది) వినే ఉంటారు. కోహినూరు అక్కడిదేనంటారు. కృష్ణ ఒడ్డున గులకరాళ్ల పొరలో వజ్రాలు దొరికేవి. పార, గంప, కడగడానికి నీళ్లు ఉంటే పని మొదలైపోతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వజ్రాలూ చాలావరకు ఇలా ఏటి మట్టిలో దొరికేవే. అందుకే 1991లో మొదలైన యుద్ధంలో తిరుగుబాటుదారులు కోనో ప్రాంతాన్ని పట్టుకుని, జనంతో బలవంతంగా తవ్వించి, సరుకు పక్క దేశం లైబీరియాకు దాటించి తుపాకులు తెచ్చుకున్నారు. ఆ యుద్ధం 2002 దాకా ఆగలేదు.

దక్షిణ ఆఫ్రికా ఖండ భాగంలోని బోట్స్వానాలో వజ్రాలు కింబర్లైట్ అనే అగ్నిశిలలో, భూమి లోతుల్లోకి ఉన్నాయి. భారీ యంత్రాలు లేకుండా పెద్ద ఎత్తున తవ్వడం కష్టం, చుట్టూ కంచె వేసి కాపలా పెట్టొచ్చు. అయితే ఘనతంతా నేలకే ఇస్తే అన్యాయం. 1967 చట్టంతో ఖనిజ హక్కులు తెగల చేతి నుంచి ప్రభుత్వానికి వచ్చాయి. అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగకూ మినహాయింపు లేదు. నా దృష్టిలో ఆ దేశాన్ని నిలబెట్టింది ఈ నిర్ణయమే.

అపోహ: ఖనిజం అమ్ముకుంటే దేశం దానంతటదే బాగుపడుతుంది.

వాస్తవం: 1959లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో భారీగా గ్యాస్ పడింది. ఎగుమతి డబ్బు వచ్చిపడి అప్పటి వాళ్ల కరెన్సీ గిల్డర్ విలువ పెరిగింది, వాళ్ల ఫ్యాక్టరీ సరుకు బయట ఖరీదైపోయి గిరాకీ తగ్గింది. రూపాయి ఒక్కసారిగా బలపడితే మన మిర్చి యార్డు ఎగుమతిదారులకు ఏమవుతుందో ఆలోచించండి, ఇదీ అంతే. ఇలాంటి చిక్కు రాకుండా నార్వే 1990లో చట్టం చేసి, 1996 నుంచి చమురు డబ్బును ఒక నిధిలో వేస్తూ విదేశాల్లోనే పెట్టుబడి పెడుతోంది.

అపోహ: గొడవలన్నీ అత్యాశ వల్లే.

వాస్తవం: దుమ్ము, పోయిన భూమి స్థానికులకు, ఆదాయం రాజధానికి అయితే కడుపు మండదా? ఇండోనేషియాలోని అచేలో గ్యాస్ సంపద మీద కోపం 1976 నాటి తిరుగుబాటుకు ఒక కారణం. 2005 శాంతి ఒప్పందంలో చమురు, గ్యాస్ ఆదాయంలో 70 శాతం అచేకే రాసిచ్చారు. మన దగ్గర గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ ప్రతిష్ఠాన్ (డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్) నిధి వచ్చింది. రాయల్టీతో పాటు లీజుదారు కట్టే ఈ సొమ్ము గనుల వల్ల నష్టపోయిన వాళ్లకే ఖర్చవ్వాలి. పిడుగురాళ్ల, మాచర్ల వైపు పిల్లలు తమ జిల్లాలో అది ఎక్కడ ఖర్చయిందో తప్పక అడగాలి.