కంప్యూటర్లో అలలు: అపోహలు – వాస్తవాలు

భూకంప తరంగాలు, శబ్దం, రాడార్, సునామీ: ఇవి ఎలా ప్రయాణిస్తాయో కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతుల మీద బెంగళూరులో పరిశోధన చేస్తున్నాను. ఎమ్మెస్సీ చదువుతున్న తెలుగు పిల్లలూ, మారతహళ్లి వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లూ ఈ పని గురించి అడిగినప్పుడల్లా కొన్ని అపోహలు వినిపిస్తాయి. ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెద్ద కంప్యూటర్ ఉంటే చాలు. గ్రిడ్ (లెక్కగట్టే బిందువుల వల) సన్నగా చేసుకుంటూ పోతే సరైన జవాబు వస్తుంది.

అన్నిటికంటే బలంగా నాటుకున్నది ఇదే. త్రిమితీయ లెక్కలో బిందువుల మధ్య దూరం సగం చేస్తే బిందువులు 8 రెట్లవుతాయి. టైమ్ స్టెప్ (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య గడిచే సమయం) కూడా సగం చేయాలి కాబట్టి పని 16 రెట్లు. అలా నాలుగుసార్లు సగం చేస్తే 65,536 రెట్లు. ఐఐఎస్‌సీలో (బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ) 2022లో మొదలైన సూపర్ కంప్యూటర్ పరమ్ ప్రవేగ 3.3 పెటాఫ్లాప్స్ యంత్రం, అంటే సెకనుకి దాదాపు 3,300 లక్షల కోట్ల లెక్కలు చేసేది. దానికైనా ఇది మోయలేని బరువే.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఒక తరంగదైర్ఘ్యానికి 10 బిందువులుంటే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. మామూలు రెండో ఆర్డర్ పద్ధతిలో (బిందువుల మధ్య దూరం సగం చేస్తే తప్పు నాలుగో వంతుకి తగ్గేది), టైమ్ స్టెప్ ఎంత చిన్నగా పెట్టినా, అన్ని బిందువులతో అల అసలు వేగం కంటే దాదాపు 1.6 శాతం నెమ్మదిగా నడుస్తుంది. ఒకటి రెండు తరంగదైర్ఘ్యాల దూరంలో ఆ తేడా కంటికి ఆనదు. 30 తరంగదైర్ఘ్యాలు నడిచేసరికి అల సుమారు అర తరంగదైర్ఘ్యం వెనకబడి, శృంగం ఉండాల్సిన చోట ద్రోణి కనిపిస్తుంది. తెర మీద బొమ్మ మాత్రం నున్నగా, నమ్మబుద్ధేసేలా ఉంటుంది. భూగర్భంలో ఒక పొర ఎంత లోతులో ఉందో ఆ బొమ్మను చూసి చెప్పేవాళ్లకి అది తప్పు లోతు చెబుతుంది. అదే గ్రిడ్ మీద నాలుగో ఆర్డర్ పద్ధతి (దూరం సగం చేస్తే తప్పు పదహారో వంతుకి తగ్గేది) వాడితే వేగంలో తప్పు 0.1 శాతం లోపుకి దిగుతుంది. యంత్రానికి ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండానే వచ్చిన లాభం ఇది. జవాబు ఎంత తప్పో ముందే చెప్పగలగాలి, ఆ తప్పుని ఎలా తగ్గించాలో నిరూపించాలి. మా పనంతా అదే.

అపోహ: టైమ్ స్టెప్ ఎంత చిన్నదైతే అంత మంచిది.

ఇది విని తల ఊపనివాళ్లు తక్కువ. ఏకమితీయ తరంగ సమీకరణానికి లీప్‌ఫ్రాగ్ పద్ధతి (గత రెండు స్టెప్పుల విలువల నుంచి తర్వాతిది లెక్కగట్టేది) రాసి చూడండి. ఒక స్టెప్‌లో అల సరిగ్గా ఒక గడి (పక్కపక్క బిందువుల మధ్య దూరం) దాటేలా పెడితే గ్రిడ్ బిందువుల దగ్గర జవాబు కచ్చితంగా వస్తుంది. గ్రిడ్‌ని మార్చకుండా స్టెప్ మాత్రం తగ్గిస్తే తప్పు పెరుగుతుంది. ఒక గడి కంటే కాస్త ఎక్కువ దాటేలా పెడితే అంకెలు హద్దు లేకుండా పెరిగిపోతాయి. ఈ షరతును కూరంట్, ఫ్రీడ్రిక్స్, లేవీ అనే గణితజ్ఞులు 1928లోనే రాశారు. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లే లేవు. వాళ్లకి కావలసింది సమీకరణానికి పరిష్కారం ఉందన్న నిరూపణ. కాబట్టి “అక్కా, కోడింగ్ బాగా వస్తే చాలు కదా?” అని అడిగే పిల్లలకి ముందు ఆ షరతు ఎక్కణ్ణుంచి వచ్చిందో చదవమంటాను.

అపోహ: అంచుల సంగతి చిన్న వివరం.

సముద్రమంతా కంప్యూటర్లో పట్టదు, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. ఆ గీతకి తగిలిన అల గోడకి కొట్టిన బంతిలా వెనక్కొచ్చి లెక్కంతా పాడుచేస్తుంది. ఎంగ్‌క్విస్ట్, మజ్దా 1977లో అలను బయటికి పోనిచ్చే అంచు షరతులు ఇచ్చారు. 1994లో బెరెంజే అలను పీల్చేసుకునే పొరను ప్రతిపాదించారు. అయినా కథ ముగియలేదు. దిక్కుని బట్టి వేగం మారే కొన్ని ఘనపదార్థాల్లో, పీల్చుకోవాల్సిన ఆ పొరే అలను పెంచేస్తుంది. ఇది నాకు ఎంతో ఇష్టమైన సమస్య.

అపోహ: ఇక ఏఐ చూసుకుంటుంది.

కొన్ని చోట్ల సాయపడుతుంది. కానీ మామూలుగా శిక్షణ ఇచ్చిన న్యూరల్ నెట్‌వర్కులు వేగంగా ఊగే ఫలితాలను నేర్చుకోవడంలోనే ఎక్కువ తడబడతాయి. మాకు కావలసినవి అవే.

అపోహ: లెక్కల్లో పీహెచ్‌డీ చేస్తే లెక్చరర్ ఉద్యోగం తప్ప దారి లేదు.

చమురు అన్వేషణ, రాడార్, వైద్య అల్ట్రాసౌండ్, అన్నిటికీ ఈ లెక్కలు కావాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సునామీ హెచ్చరికలకి ముందుగానే లెక్కగట్టి ఉంచిన సిమ్యులేషన్లను వాడుతుంది. 4,000 మీటర్ల లోతులో సునామీ గంటకి సుమారు 700 కిలోమీటర్లు పరిగెత్తుతుంది కాబట్టి, భూకంపం వచ్చాక తీరిగ్గా లెక్క మొదలుపెట్టే వీలుండదు.

అయితే తల్లిదండ్రులకి ఒక నిజం చెప్పాలి. విద్యాసంస్థల్లో పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ, పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక పరిశోధకులుగా) ఏళ్లు గడుస్తాయి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు. బెంగళూరు అద్దెలకి అది సర్దుకుని బతకాల్సిన మొత్తమే. ఆ సంగతి తెలిసే రావాలి.

రావాలనుకునేవాళ్లకి ఐఐఎస్‌సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష, టీఐఎఫ్‌ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెంగళూరు కేంద్రానికి దాని సొంత ప్రవేశ పరీక్ష ఉన్నాయి. ఈలోగా లీనియర్ ఆల్జీబ్రా, పాక్షిక అవకలన సమీకరణాలు, ఫోరియర్ విశ్లేషణ (దేన్నైనా సాదా అలలుగా విడదీసి చూడటం) గట్టిగా చదవండి. పైన చెప్పిన 1.6 శాతం ఫోరియర్‌తో మూడు వరుసల్లో తేలిపోతుంది. కాగితం మీద మీరే వేసి చూడండి.