నవ్వు ఇచ్చే అనుమతి

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఉన్న సిరొంచ తాలూకాలో చాలా ఇళ్ళల్లో తెలుగు, ప్రభుత్వ కచేరీల్లో మరాఠీ నడుస్తాయి. నది దాటితే కాళేశ్వరం. పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ కలుస్తూనే ఉంటాయి, వాటితోపాటే వదినతో మరిదికీ, మరదలితో బావకూ పరాచికాలాడే చనువు కూడా ఏర్పడుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల కనిపించే ఇటువంటి బంధుత్వాల గురించి 1940లో రాసిన మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్-బ్రౌన్, ఆచారం ఇక్కడ ఒకరికి వేళాకోళం చేసే స్వేచ్ఛ ఇస్తూనే రెండో వారికి కోపం తెచ్చుకోకూడదనే కట్టడి పెడుతుందని గమనించాడు. సొంత వదిన విషయంలో ఈ ఏర్పాటు సాధారణంగా హద్దుల్లోనే ఉంటుంది, ఎందుకంటే ఆమె మాటకు మాట అప్పజెప్పగలదు, శృతి మించితే మందలించడానికి ఇంట్లో పెద్దవాళ్ళుంటారు. ఏ చుట్టరికమూ లేని మగవాడు షేర్ ఆటోలో ఎదురుగా కూర్చున్న స్త్రీని వరస కలిపి పిలిచి, అనరాని మాట అని, ఆమె ముఖం మాడ్చుకోగానే "మజాక్ చేసిన గదా వదినా, గంత గుస్సా ఎందుకు?" అన్నప్పుడు సంగతి మారిపోతుంది. బంధుత్వంలోని రక్షణ ఏదీ ఆమెకు దక్కదు గానీ, కోపం తెచ్చుకోకూడదనే కట్టడి మాత్రం ఆమె నెత్తిన పడుతుంది.

ఇదే వెసులుబాటు అత్యాచారం మీద అల్లిన హాస్యానికీ దొరుకుతోంది. గణపతి నవరాత్రుల వేదికల మీద మిమిక్రీ కళాకారులు సినిమాల్లోని అత్యాచార సన్నివేశాన్ని అనుకరిస్తూ వేసే ఒక పాత అంశం చాలామందికి తెలిసినదే. విలన్ నవ్వుతో అది మొదలవుతుంది, చీర కొంగు పట్టి లాగుతున్నట్టు చెయ్యి కదులుతుంది, ఆ వెంటనే సన్నని గొంతుతో "వదులు, నన్ను వదిలెయ్" అనే కేకలు వినిపిస్తాయి. కేకలు తారస్థాయికి చేరిన క్షణంలో అదే సన్నని గొంతు హుషారైన యుగళగీతం ఒకటి అందుకుంటుంది, చప్పట్లూ ఈలలూ పడేది అక్కడే. సినిమాలో అది నేరమని ప్రేక్షకుడికి తెలుసు, కథ చివరికి విలన్ దెబ్బలైనా తింటాడు. మిమిక్రీలో శిక్షించేవాడూ లేడు, బాధపడే మనిషీ లేదు, ఉన్నవి ఒకే మగవాడి రెండు గొంతులు. ఆ పాట ఎందుకు నవ్విస్తుందో ఒక్క క్షణం ఆలోచిస్తే, ఆమె వద్దన్నది నిజంగా కాదనే నమ్మకం వినేవారిలో ముందే ఉంటే తప్ప అందులో నవ్వడానికి ఏమీ మిగలదని తెలుస్తుంది.

ఇటువంటి నవ్వు ఏం చేస్తుందో తేల్చడానికి మనస్తత్వశాస్త్రంలో ప్రయోగాలు జరిగాయి. అమెరికన్ పరిశోధకులు థామస్ ఫోర్డ్, మార్క్ ఫెర్గూసన్ 2004లో ప్రతిపాదించిన వివరణ ప్రకారం, కించపరిచే హాస్యం కొత్తగా ద్వేషాన్ని పుట్టించదు, లోపల ఉన్న ద్వేషానికి బయటికి వచ్చే అనుమతి ఇస్తుంది. ఎవరైనా గంభీరంగా ఆడవాళ్ళను తిడితే వినేవాడు ఆ మాటను తూచి చూస్తాడు, ఒప్పుకోకపోవచ్చు కూడా. అదే మాట జోకుగా వస్తే ఆ తూకం పక్కకు పోతుంది, ఈ చోట ఇది తేలిక విషయమే కాబోలు అనే సంకేతం మిగులుతుంది. 2008లో ఫోర్డ్ బృందం విద్యార్థుల్లో కొందరికి స్త్రీలను కించపరిచే జోకులు, కొందరికి అదే ధోరణిలో హాస్యం లేని వ్యాఖ్యలు, మరికొందరికి మామూలు జోకులు ఇచ్చి, ఆ తర్వాత ఒక మహిళా సంస్థకు ఎంత విరాళం ఇవ్వగలరో అడిగింది. స్త్రీల పట్ల ముందునుంచే వైరభావం ఉన్న మగవాళ్ళు తక్కువ విరాళం చెప్పింది జోకులు చదివిన తర్వాతనే, సూటి వ్యాఖ్యలు చదివినప్పుడు అలా జరగలేదు. మరో ప్రయోగంలో హాస్య దృశ్యాలు చూపించి, విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సంఘాల నిధుల్లో కోత పెట్టమంటే, అదే రకం మగవాళ్ళు మహిళా సంఘానికి ఎక్కువ కోత పెట్టారు. తోటివాళ్ళు కూడా దీన్ని మెచ్చుకుంటారని వాళ్ళు అనుకోవడమే ఆ కోతకు దారితీసింది.

2013లో తోమే, వికీ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాలు ఇంకొంచెం దగ్గరగా వెళ్ళాయి. అటువంటి జోకులు చదివిన తర్వాత వైరభావం ఉన్న మగవాళ్ళు, అత్యాచార సందర్భాన్ని వర్ణించి నువ్వైతే అలా చేస్తావా అని అడిగిన ప్రశ్నలకు మరింత మొగ్గు చూపారు. ప్రశ్నపత్రంలోని మొగ్గు చేతల్లోని నేరం కాదు. ఈ ఫలితాలు చాలావరకు పాశ్చాత్య దేశాల విద్యార్థులవనీ మరువకూడదు. జోకు విన్న ప్రతివాడూ పాడైపోతాడనేవారికి వీటిలో ఆధారం లేదు, జోకుదేముంది లెమ్మనేవారికి అంతకన్నా లేదు.

వద్దన్నది నిజం కాదనే నమ్మకం వేదిక మీదే ఆగదు. ఇదే గడ్చిరోలి జిల్లాకు ఉత్తరపు కొసన ఉన్న దేశాయిగంజ్‌లో, ఆ ప్రాంతం ఇంకా చంద్రపూర్ జిల్లాలో ఉన్న కాలంలో, 1972లో పోలీస్ స్టేషన్‌లోనే ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారం జరిగిందని కేసు నడిచింది. ఒంటి మీద గాయాలు లేవనీ, ప్రతిఘటించిన గుర్తులు లేవనీ చెప్పి, 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. మరుసటి ఏడు ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు, లొంగిపోవడం వేరు, సమ్మతించడం వేరు అంటూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దాని తర్వాత రేగిన ఆందోళన ఫలితంగానే 1983లో చట్టం మారి, పోలీసుల నిర్బంధంలో జరిగే అత్యాచారాల్లో ఆమె సమ్మతించలేదని చెబితే కోర్టు ఆ మాటనే ముందుగా నమ్మాలనే నియమం వచ్చింది.

హాస్యంలోని విలన్ ఎప్పుడూ బుర్రమీసాల అపరిచితుడే కావడం ఇంకో తంటా. జాతీయ నేర గణాంకాల ప్రకారం నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. బంధువు గానీ పక్కింటివాడు గానీ చేసిన పని ఆ బొమ్మకు సరిపోదు కనుక, చేసినవాడికీ చుట్టూ ఉన్నవారికీ, ఒక్కోసారి ఆమెకు కూడా అది నేరంగా తోచదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో నూటికి 77 మంది సాయం కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. ఆ మౌనానికి భయం, పరువు, డబ్బు వంటి కారణాలు అనేకం ఉన్నాయి, కానీ ఎవరికి చెప్పుకోవాలో వెతుక్కునే స్త్రీకి, ఏ మాటకు ఎవరు నవ్వారో గుర్తుంటుందని మాత్రం చెప్పవచ్చు.

మగవాళ్ళ మౌనం వేరే రకం. ఊరుకున్నంత ఉత్తమం లేదనే సామెతను ఇటువంటి చోటే అందరూ పాటిస్తారు. మనసులో రోత పడినవాడు కూడా పక్కవాడి నవ్వు చూసి ఓ చిరునవ్వు నవ్వుతాడు, ఆ పక్కవాడు ఇతని నవ్వు చూసి మరికొంచెం నవ్వుతాడు. తోటి మగవాళ్ళకు ఇటువంటి హాస్యం నిజంగా నచ్చేదానికన్నా ఎక్కువ నచ్చుతుందని మగవాళ్ళు అంచనా వేస్తారని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చూపాయి. ఆ పొరపాటు అంచనా పోవాలంటే ఎవరో ఒకరు నోరు విప్పాలి, అందుకు వేదిక దాకా ఆగనక్కరలేదు. గణపతి మండలి సభ్యులు కళాకారుడితో బేరం కుదుర్చుకునేటప్పుడే ఆ అంశం వద్దని చెప్పవచ్చు. అటువంటప్పుడు "ఆడోళ్ళు ఉంటరు, బాగుండదు" అనడం మనవాళ్ళ అలవాటు, ఆడవాళ్ళు లేకపోతే ఫరవాలేదనే అర్థం అందులో ఉండనే ఉంది. "మాకే నచ్చదు" అంటే సరిపోతుంది.